అరవై దాటాక గన్ క్యారీ చేయాలంటే: అమెరికాలో ఉంటున్న మన పెద్దవాళ్లకి, వాళ్ల పిల్లలకి

"నాన్నగారికి అరవై ఎనిమిది, గ్రీన్ కార్డ్ ఉంది, పగలంతా ఇంట్లో ఆయనా అమ్మా ఇద్దరే, గన్ తీసుకుంటానని పట్టుబడుతున్నారు, ఏది కొనాలి?" ఈ ప్రశ్న ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఏది కొనాలన్నది నిజానికి మూడో ప్రశ్న. చట్టం ఒప్పుతుందా అన్నది మొదటిది, చెయ్యి ఒప్పుతుందా అన్నది రెండోది. ఆ రెండూ తేలకుండా షాపుకి వెళ్తే కౌంటర్ వెనకున్నవాడు ఏదో ఒకటి అంటగట్టి పంపిస్తాడు.

నేను టెక్సస్ లెక్కన రాస్తున్నాను, ఎందుకంటే నాకు బాగా తెలిసింది అదే. మీ రాష్ట్రంలో రూల్స్ వేరుగా ఉంటాయి, కాబట్టి ఇక్కడ చదివింది మీ స్టేట్ పోలీస్ వెబ్‌సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

1. అర్హత

సిటిజన్‌కి, గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి కొనుక్కునే హక్కు ఉంది. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి లేదు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్లు గన్ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గానీ, వాటి సంగతి లాయర్ని అడగకుండా ముట్టుకోవద్దు. ఆరు నెలలకని వచ్చిన మామగారిని సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి నాలుగు రౌండ్లు కాల్పించి ఫొటోలు పెడతారు చూడండి, అది కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. హెచ్‌1బీ కూడా నాన్ ఇమిగ్రెంట్ వీసానే, ఇది చాలామందికి తట్టదు.

కొనేటప్పుడు నింపే ఫారం 4473లో "అసలు కొంటున్నది మీరేనా" అని అడుగుతారు. నాన్నగారు డబ్బులిచ్చి, ఆయన కోసం కొడుకు తన పేరు మీద కొంటే అది ఫెడరల్ నేరం. కొడుకు తన డబ్బుతో కొని, అర్హత ఉన్న తండ్రికి నిజంగా బహుమతిగా ఇస్తే పర్వాలేదు. అయినా నా సలహా ఒకటే, ఎవరు వాడతారో వాళ్లే షాపుకి వెళ్లి వాళ్లే ఫారం నింపాలి.

ఇంకొకటి. మోకాళ్ల నొప్పులకని ఎవరో ఇచ్చిన గంజాయి గమ్మీలు వేసుకునే పెద్దవాళ్లు ఇప్పుడు తక్కువేం లేరు. రాష్ట్రం అనుమతించినా ఫెడరల్ దృష్టిలో అది నిషేధమే, ఫారంలో ఆ ప్రశ్న నేరుగా ఉంటుంది, అబద్ధం రాస్తే అది మరో నేరం.

గ్రీన్ కార్డ్ వాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది: గన్‌కి సంబంధించిన నేరంలో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే కారణం కావచ్చు. సిటిజన్‌కి జరిమానాతో పోయేది మీకు ఇక్కడి బతుకే పోగొట్టొచ్చు.

2. గన్ కంటే ముందు ఇంటి పని

మన ఇళ్ల మీద దొంగల కన్ను పడేది ఎక్కువగా బంగారం కోసం. పెళ్లిళ్లకీ పండగలకీ తప్ప వాడని నగలు బ్యాంక్ లాకర్‌లో పెట్టేస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది. ముందు తలుపు ఫ్రేమ్‌కి పొడవు స్క్రూలు, వెనక గుమ్మానికి లైటు, డోర్‌బెల్ కెమెరా, పడుకునే గదికి గట్టి గడియ, మంచం పక్కన ఛార్జింగ్‌లో ఫోన్. ఇవన్నీ అయ్యాకే మిగతాది చదవండి.

3. శరీరాన్ని పరీక్షించుకోండి

మన పెద్దవాళ్లు షుగర్, బీపీ టాబ్లెట్ల గురించి గంటసేపు చెబుతారు గానీ, బొటనవేలి మొదట్లో నొప్పి ఉందని అడిగితే తప్ప చెప్పరు. పేలినప్పుడు గన్ వెనక్కి తన్నేది సరిగ్గా అక్కడే.

- చెయ్యి: ఊరగాయ సీసా మూత సాయం లేకుండా తీయగలరా? చెయ్యి చాచి అర నిమిషం పట్టుకుంటే వణుకు ఉందా?
- భుజం: చేతిని నడుము పక్కకి, కొంచెం వెనక్కి నొప్పి లేకుండా తీసుకెళ్లగలరా?
- కన్ను: శుక్లాలు ఉన్నాయా, ఈ మధ్య ఆపరేషన్ అయిందా? అయితే ఎప్పటినుంచి కాల్చొచ్చో కంటి డాక్టర్నే అడగాలి.
- చెవి: వినికిడి మెషిన్ ఉందా? రేంజ్‌లో దాన్ని తీసేసి, లోపల ఇయర్‌ప్లగ్, పైన ఇయర్‌మఫ్ రెండూ పెట్టుకోవాలి. గన్ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది.
- మందులు: నిద్రమాత్రలు, ఓపియాయిడ్ నొప్పి మాత్రలు, గాబాపెంటిన్, ఇన్సులిన్ వాడుతున్నారా? మగత గానీ లో షుగర్ గానీ వచ్చే అవకాశం ఉంటే ఆ వేళల్లో గన్ సేఫ్‌లోనే ఉండాలి.
- రక్తం పలచబడే మందులు: స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే లోహపు భాగం) తగిలి చర్మం తెగడం కొత్తవాళ్లకి మామూలే, మీకైతే ఆ రక్తం తొందరగా ఆగదు.
- గుండెలో పేస్‌మేకర్ లాంటి పరికరం: కార్డియాలజిస్ట్‌ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

ఇందులో ఏదైనా పిల్లల ముందు చెప్పుకోవడం ఇబ్బంది అనిపించినా చెప్పండి. రాత్రి నిద్రమాత్ర వేసుకునే మనిషి మంచం పక్క సొరుగులో లోడ్ చేసిన గన్ పెట్టుకోవడం దొంగ కంటే పెద్ద ప్రమాదం.

4. ఏ గన్

అందరూ చేసే తప్పు: "పెద్దాయన కదా, చిన్నది తేలికైనది తీసుకుందాం." లెక్క తిరగబడేది ఇక్కడే. గన్ ఎంత తేలికైతే అంత గట్టిగా తన్నుతుంది, ఎంత చిన్నదైతే పట్టుకోవడానికి అంత తక్కువ చోటు. జేబులో పట్టే బుల్లి పిస్టల్ చేత్తో చూస్తే ముద్దుగా ఉంటుంది, రెండు మ్యాగజైన్లు (తూటాలు నింపి పిడిలో పెట్టే డబ్బాలు) కాల్చేసరికి కీళ్లనొప్పులున్న మనిషి మళ్లీ దాన్ని ముట్టుకోడు. ముట్టుకోని గన్‌తో సాధన ఉండదు, సాధన లేకుండా జేబులో పెట్టుకు తిరగడం ఇంకా ప్రమాదం. మోయగలిగినంతలో కాస్త బరువున్నది, మధ్యస్థ సైజు తీసుకోండి.

పిస్టల్ విషయంలో అసలు అడ్డంకి స్లైడ్ లాగడం. కొన్ని మోడళ్లు దీనికోసమే తయారయ్యాయి, స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ ఈజీ అలాంటిదే, .380, 9 ఎం.ఎం. అనే రెండు తూటా సైజుల్లోనూ దొరుకుతుంది. రూగర్ సెక్యూరిటీ 380 ఇంకొకటి. ఈజీకి పిడి వెనక ఒక గ్రిప్ సేఫ్టీ ఉంటుంది, అరచేయి దాన్ని పూర్తిగా నొక్కితేనే పేలుతుంది. పట్టు మరీ బలహీనంగా ఉన్నవాళ్లకి అది కొన్నిసార్లు అందదు, కాబట్టి మీ చేత్తోనే చూసుకోవాలి. చేతికి .380 తన్ను 9 ఎం.ఎం. కంటే హాయిగా ఉంటుంది, తూటాల ఖర్చు మాత్రం ఎక్కువ.

స్లైడ్ లాగలేకపోతున్నారంటే చాలాసార్లు కారణం బలం కాదు, పద్ధతి. రెండు వేళ్లతో చిటికె పట్టినట్టు వెనక్కి లాగుతారు. ఇలా చేయండి:

- వేలు ట్రిగ్గర్ మీద లేదని చూసుకోండి.
- గన్ పట్టుకున్న చేతిని ఛాతీకి దగ్గరగా తెచ్చుకోండి, మోచెయ్యి పక్కటెముకలకి ఆనించండి.
- రెండో చేతి అరచేయి మొత్తంతో స్లైడ్‌ని పైనుంచి పట్టుకోండి, ఖాళీ తూటా గుల్ల బయటికొచ్చే కంత మూసుకుపోకుండా.
- స్లైడ్ పట్టుకున్న చెయ్యి కదలకూడదు. గన్‌ని ముందుకి ఒక్క తోపు తోయండి, వెంటనే స్లైడ్‌ని వదిలేయండి. చేత్తో మెల్లగా ముందుకి సాగనంపొద్దు.

ఇది చేసేటప్పుడు గన్ అడ్డంగా తిరిగి పక్క లేన్‌లో ఉన్నవాడి వైపు చూస్తుంటుంది, రేంజ్‌లో పెద్దవాళ్లకి అరుపులు పడేది దీనికే. గన్‌ని తిప్పొద్దు, మీరే పక్కకి తిరగండి, గొట్టం టార్గెట్ వైపే ఉండాలి.

అయినా రాకపోతే రివాల్వర్. స్లైడ్ గొడవ లేదు, ఐదో ఆరో గుళ్లు పెట్టి మూసేయడమే. కానీ డబుల్ యాక్షన్ ట్రిగ్గర్ (ఒక్క నొక్కుతోనే సుత్తిని లేపి పేల్చేది) బరువు మామూలుగా పది పన్నెండు పౌండ్లు ఉంటుంది, చూపుడువేలికి వాతం ఉంటే అదే నరకం. షాపులో ఖాళీ రివాల్వర్ ట్రిగ్గర్ వరుసగా పదిసార్లు నొక్కి చూడండి (షాపువాణ్ణి అడిగి, సురక్షితమైన వైపు పెట్టి). మధ్యలో వేలు వణికినా, రెండో చేతి వేలు సాయం తెచ్చుకున్నా అది మీ గన్ కాదు. అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న బుల్లి .38 స్పెషల్ రివాల్వర్లు పెద్దవాళ్లకి ఎందుకు అమ్ముతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు, స్టీల్ ఫ్రేమ్ చూడండి.

మ్యాగజైన్‌లో తూటాలు నొక్కి పెట్టడం ఇంకో చిత్రహింస. అప్‌లూలా అనే లోడర్ వస్తుంది, అది కొనుక్కుంటే బొటనవేళ్లు బతుకుతాయి.

చూపు సంగతి: బైఫోకల్, ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడేవాళ్లకి గన్ ముందు సైట్ (గురి చూసే మొన) మసకగా కనిపిస్తుంది, దాన్ని చూడాలని గడ్డం పైకెత్తి అద్దం కింది భాగంలోంచి చూస్తారు, మెడ పట్టేస్తుంది. రెడ్ డాట్ (ఎర్ర చుక్క చూపించే గురి అద్దం) పెట్టించుకుంటే చూపు టార్గెట్ మీదే ఉంచొచ్చు, చుక్క దానిమీద తేలుతూ కనిపిస్తుంది. ఆస్టిగ్మాటిజం ఉంటే ఆ చుక్క నక్షత్రంలా చిట్లి కనిపిస్తుంది, వెలుగు తగ్గించి చూడండి, గ్రీన్ డాట్ కూడా ప్రయత్నించండి.

కొనేముందు రేంజ్‌లో మూడు నాలుగు రకాలు అద్దెకి తీసుకుని కాల్చండి. మొదట .22తో (తక్కువ తన్నే చిన్న తూటా) మొదలుపెట్టి పైకి వెళ్లండి. ఆ రోజు కొనకండి. మర్నాడు పొద్దున చెయ్యి ఎలా ఉందో చూసుకుని అప్పుడు తేల్చుకోండి.

5. నేర్చుకునే క్రమం

టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్లు నిండి, చట్టం అడ్డులేనివాళ్లు లైసెన్స్ లేకుండానే హ్యాండ్‌గన్ క్యారీ చేయొచ్చు. అయినా లైసెన్స్ టు క్యారీ (గన్ వెంట పెట్టుకు తిరిగే లైసెన్స్) తీసుకోండి. ఇతర రాష్ట్రాల్లో పనికొస్తుంది, స్కూళ్ల చుట్టుపక్కల గన్ ఉండకూడదనే ఫెడరల్ నిబంధన నుంచి రక్షణ ఇస్తుంది. పైగా ఆ పేరుతో చట్టం వింటారు. పాఠం ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. కాల్చే పరీక్ష మాత్రం ఇన్‌స్ట్రక్టర్ ముందే: 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 రౌండ్లు, 250కి 175 వస్తే పాస్.

పాస్ అవడం అంటే నేర్చుకున్నట్టు కాదు. వరుస ఇలా పెట్టుకోండి:

- ముందు నాలుగు సూత్రాలు నోటికి రావాలి: ప్రతి గన్ లోడ్ అయి ఉందనే అనుకోవాలి, పాడుచేయకూడని దేనివైపూ గురిపెట్టకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు, టార్గెట్ ఏదో దాని వెనకాల ఏముందో తెలియాలి.
- పెద్దవాళ్లతో పనిచేసిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గర ఒంటరి క్లాస్. గుంపు క్లాసులో మన నాన్నగార్లు అర్థం కాకపోయినా తలూపుతారు.
- ఇంట్లో ఖాళీ గన్‌తో సాధన: తూటాలన్నీ వేరే గదిలో, చాంబర్ (పేలే తూటా కూర్చునే అర) రెండుసార్లు చూసి, డమ్మీ తూటాలతో, గట్టి గోడ వైపు, రోజుకి పది నిమిషాలు మించకుండా.
- నెలకోసారి రేంజ్. 3 నుంచి 7 గజాలు చాలు. 50 రౌండ్లు చాలు. చెయ్యి అలిసిందంటే ఆపేయండి, అలిసిన చేత్తో చేసే సాధన తప్పుల్ని అలవాటు చేస్తుంది.
- హోల్‌స్టర్‌లోంచి (గన్ పెట్టుకునే ఒర) తీయడం చివర్లో, మొదట పేలని ప్లాస్టిక్ నీలం గన్‌తో మాత్రమే.

గన్ మాటిమాటికీ జామ్ అవుతుంటే ముందు మణికట్టు చూడండి. చెయ్యి వదులుగా ఉంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు, గుల్ల మధ్యలో ఇరుక్కుంటుంది. పట్టు గట్టిపడకపోతే మోడల్ మార్చాల్సిందే.

6. ఒంటిమీద ఎక్కడ

బొడ్డు పక్కన పెట్టుకునే పద్ధతి కుర్రాళ్లది. పొట్ట ఉన్నవాళ్లకి కూర్చుంటే గుచ్చుతుంది, వంగితే ఊపిరాడదు. వెనక్కి జరిపి నాలుగు గంటల స్థానంలో (నడుముని గడియారం అనుకుంటే బొడ్డు పన్నెండు) పెడితే భుజం నొప్పి ఉన్నవాళ్లకి చెయ్యి అందదు. చాలామంది పెద్దవాళ్లకి కుదిరేది కుడి తుంటి మీద, బెల్ట్ బయట, పైన వదులు చొక్కా లేదా పల్చటి జాకెట్.

- హోల్‌స్టర్ గట్టిది కావాలి, కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ లాంటిది, ట్రిగ్గర్ మొత్తం మూసేది. మెత్తబడిన తోలు హోల్‌స్టర్ అంచు మడిచి ట్రిగ్గర్‌ని నొక్కేస్తుంది.
- గన్ బెల్ట్ విడిగా కొనండి. లాల్చీ పైజామాకీ పంచెకీ గన్ మోసే ఏర్పాటు లేదు, ఆ రోజు సేఫ్‌లోనే.
- జేబులో అయితే పాకెట్ హోల్‌స్టర్‌తోనే. ఆ జేబులో తాళాలు, విక్స్ డబ్బా, చిల్లర ఏవీ ఉండకూడదు.
- అమ్మవాళ్లు హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోవద్దు. బ్యాగు షాపింగ్ కార్ట్‌లో వదిలేస్తారు, మనవడు చాక్లెట్ కోసం చెయ్యి పెడతాడు.
- తిరిగి పెట్టేటప్పుడు తొందర వద్దు, హోల్‌స్టర్ వైపు చూస్తూ నెమ్మదిగా. తీయడానికే తొందర పనికొస్తుంది.
- రెస్ట్‌రూమ్‌లో గన్ తీసి టిష్యూ పెట్టె మీద పెట్టకండి. ప్యాంటుతో పాటే హోల్‌స్టర్‌లో ఉండాలి.

గుడికి వెళ్లే రోజు ఇంట్లో వదిలేయండి. చాలా గుళ్లలో బోర్డు ఉంటుంది, లేకపోయినా సాష్టాంగం పెట్టేటప్పుడు చొక్కా పైకి లేచి వెనక వరసంతా చూస్తుంది.

7. ఇంట్లో, కారులో

17 ఏళ్లలోపు పిల్లలకి లోడ్ చేసిన గన్ అందేలా వదిలేస్తే టెక్సస్‌లో పెద్దవాళ్లదే నేరం. "మా బుజ్జి ముట్టుకోడు" అనే మాట వద్దు. బుజ్జికి బీరువాపైన లడ్డూ డబ్బా ఎక్కడుందో తెలుసు.

వేలిముద్ర సేఫ్‌లు ఈ వయసులో నమ్మలేం. గిన్నెలు తోమి, పొలం పని చేసి అరిగిన వేళ్లకి, చలికాలంలో పొడిబారిన వేళ్లకి అవి నాలుగోసారికి గానీ తెరుచుకోవు. గుండీలు నొక్కి తెరిచే మెకానికల్ తాళం తీసుకోండి, బ్యాటరీ గొడవ కూడా ఉండదు. నంబర్ పుట్టినరోజు పెట్టకండి, మనవలు మొదట ప్రయత్నించేది అదే.

కారులో గ్లోవ్ బాక్స్ దాచుకునే చోటు కాదు. సీటు కిందికి కేబుల్‌తో కట్టే లాక్‌బాక్స్ కొని, గమ్యం చేరాక పార్కింగ్‌లో అందరూ చూస్తుండగా కాకుండా, బయల్దేరే ముందే అందులో పెట్టండి.

8. బయట తిరిగేటప్పుడు

- 30.05, 30.06, 30.07 అంకెలున్న బోర్డు (గన్ తేవద్దని చెప్పే చట్టం సెక్షన్లు), బార్ల దగ్గర ఎర్రగా 51% అని ఉన్న బోర్డు కనిపిస్తే గన్‌తో లోపలికి వద్దు.
- స్కూలు, కోర్టు, పోలింగ్ కేంద్రం, ఫెడరల్ ఆఫీసులు, ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ దాటిన ప్రాంతం: వద్దు.
- న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియా టెక్సస్ లైసెన్స్‌ని గుర్తించవు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉన్న కూతురింటికి వెళ్తుంటే గన్ ఇంట్లోనే.
- దేశంలోపల విమానంలో అయితే ఖాళీ చేసి, తాళం వేసిన గట్టి పెట్టెలో, చెకిన్ లగేజీలో, కౌంటర్‌లో చెప్పి. చేరే రాష్ట్రం చట్టం ముందు చూసుకుని.

పోలీసు ఆపితే మన ఊళ్లో అలవాటు ఒకటుంది, మర్యాదకని కారు దిగి ఆయన దగ్గరికి నడవడం. ఇక్కడ అస్సలు దిగొద్దు. అద్దం దించి, రెండు చేతులు స్టీరింగ్ మీద పెట్టి, లైసెన్స్ ఉందనీ గన్ ఎక్కడుందో నోటితో చెప్పి, ఆయన చెప్పేదాకా దేనికీ చెయ్యి చాపొద్దు. ఈ మాటలు ఇంగ్లీషులో ఎలా చెప్పాలో పిల్లల్ని కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించుకోండి.

ఇండియా ప్రయాణం గురించి నొక్కి చెబుతున్నాను. రేంజ్‌కి వాడిన బ్యాగుని ఎప్పుడూ ప్రయాణానికి వాడొద్దు. అడుగున కుట్టు సందులో ఒక్క తూటా మిగిలినా, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానర్‌లో అది తగిలితే ఆయుధాల చట్టం కింద కేసు, స్టేషన్, లాయరు, పోయిన విమానం. జాకెట్ జేబులు కూడా తిరగేసి చూడండి.

9. తీయాల్సి వస్తే

ప్రాణం మీదికి వస్తే తప్ప తీయొద్దు. పార్కింగ్ గొడవకీ, అరిచినవాణ్ణి భయపెట్టడానికీ చూపిస్తే నేరస్థులు మీరే. టెక్సస్ చట్టం ఆస్తి కోసం కూడా కొన్ని సందర్భాల్లో ఒప్పుకుంటుంది గానీ, కారు ఇన్సూరెన్స్ తిరిగిస్తుంది, కోర్టు ఖర్చు ఎవరూ తిరిగివ్వరు. దారి ఉంటే తప్పుకోండి, తలుపు వేసుకోండి, 911 చేయండి.

ఒకవేళ కాల్చాల్సి వస్తే: 911కి మీరే ఫోన్, మీరు ఎలా కనిపిస్తారో చెప్పడం (తెల్ల జుట్టు, నీలం చొక్కా), పోలీసులు వచ్చేసరికి చేతిలో గన్ లేకుండా ఉండటం, దాడి ఎలా జరిగిందో ఒకట్రెండు ముక్కల్లో చెప్పి మిగతాది లాయర్ వచ్చాకే. మనవాళ్లు కంగారులో కథంతా చెబుతారు, అందులో తేదీలూ దూరాలూ తప్పుతాయి. ఇంగ్లీషు తడబడుతుంటే ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి.

10. ఎప్పుడు ఆపాలి

కారు తాళాలు తీసుకోవడం కంటే కష్టమైన సంభాషణ ఇది, అందుకే ఆరోగ్యం బాగున్నప్పుడే కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఈ కింది వాటిలో ఏది కనిపించినా గన్ ఇంట్లోంచి బయటికి వెళ్లాలి:

- లోడ్ చేసి ఉందో లేదో గుర్తుండకపోవడం, గన్ వంటింటి అలమరలో దొరకడం.
- తెలిసిన రోడ్డులో దారి తప్పడం.
- కోడలు నగలు తీసిందని, పక్కింటివాళ్లు రాత్రిపూట లోపలికి వస్తున్నారని కారణం లేని అనుమానం.
- సాయంత్రం చీకటి పడేసరికి తికమక, ఇంట్లోవాళ్లని గుర్తుపట్టకపోవడం.
- భార్య గానీ భర్త గానీ పోయాక మాట తగ్గించి, తిండి మానేసి, "ఇంకెందుకు ఉండటం" అనడం.

చివరిది తేలిగ్గా తీసుకోవద్దు. అమెరికాలో వయసు పైబడిన మగవాళ్లలో ఆత్మహత్యలు ఎక్కువ, అందులో గన్‌దే పెద్ద భాగం. ఆ రోజే గన్ తీసేయండి, 988కి (ఆత్మహత్య ఆలోచనల సహాయ నంబర్) ఫోన్ చేయండి, ఒంటరిగా వదలొద్దు.

కాగితంలో రాయాల్సినవి: గన్ ఎవరికి వెళ్లాలి, సేఫ్ నంబర్ ఎవరి దగ్గర ఉంటుంది, ఆపే సమయం వచ్చిందని చెప్పే అధికారం ఎవరిది. ఆ చివరి పేరు కొడుకుదే కానక్కర్లేదు, చాలా ఇళ్లలో నాన్నగారు కొడుకు మాట వినరు, స్నేహితుడి మాట వింటారు. తీసుకునేవాళ్లు వేరే రాష్ట్రంలో ఉంటే లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారానే మార్చాలి. కొడుకు ఇంకా హెచ్‌1బీలోనే ఉంటే ఆయన తీసుకోవడానికి లేదు, కాబట్టి డీలర్‌కి అమ్మేసి రసీదు ఉంచుకోండి.